వరుసకు పన్నెండు

నేను మొదటిసారి అల్లిన టేబుల్ మ్యాట్ మీద ఇంతవరకూ ఎవరూ కంచం పెట్టలేదు. పెట్టడానికి వీల్లేదు. బల్ల మీద గుండ్రంగా పరుచుకోవాల్సిన అల్లిక మూడో వరుసకే అంచులు పైకి లేపింది. పదో వరుసకి పల్లీల పొట్లంలా నిటారుగా నిలబడింది. మా అక్క కొడుకు దాన్ని నెత్తిన బోర్లించుకుని సికింద్రాబాద్ లాలాగూడలో రైల్వే క్వార్టర్లన్నీ చుట్టి వచ్చాడు. వీడియో కాల్‌లో చూసిన మా పిన్నికి నవ్వు ఆగలేదు. పిన్నిది నరసాపురం. "ఏంటే అది, అలా మూతి ముడుచుక్కూచుంది? వరుసకెన్ని పెంచావు?" అంది. ఆరు అన్నాను. "ఆరేంటే! పన్నెండు పెంచాలి" అంది. పన్నెండే ఎందుకని అడిగితే, "ఎందుకేంటి, అలా పెంచితేనే పరుచుకుంటుంది" అని ఫోను పెట్టేసింది.

పిన్ని మాట అక్షరాలా నిజం. ఆ పన్నెండు ఎక్కణ్ణించి వచ్చిందో వెతుక్కుంటూ పోతే నేను ఆర్యభటుడి దగ్గర తేలాను.

ముందు నా పొరపాటు సంగతి. నేను చూసి అల్లింది ఓ పాత ఇంగ్లీషు పుస్తకం. మా పక్క క్వార్టర్లో ఒకప్పుడు ఉన్న ఆంగ్లో-ఇండియన్ ఆంటీ ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ అమ్మకి ఇచ్చి వెళ్ళింది. లాలాగూడ తెలిసినవాళ్ళకి ఇందులో వింతేమీ కనపడదు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1893లో ఇక్కడ వర్క్‌షాపు పెట్టింది. లాలాగూడలోనూ మెట్టుగూడలోనూ రైల్వే కుటుంబాలు స్థిరపడ్డాయి. వాటిలో ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే మొదలయ్యాక కోస్తా నుంచి మా నాన్నలాంటి ఫిట్టర్లు కూడా వచ్చి చేరారు. ఆంటీ ఇంట్లో ట్రే మీద, పాలజగ్గు మీద, సోఫా వీపు మీద, ఆఖరికి రేడియో మీద కూడా తెల్లటి క్రోషియా ముక్క ఒకటి ఉండేది. అమ్మ గోదావరి అల్లిక, ఆంటీ ఇంగ్లీషు అల్లిక ఒకే గోడకి అటూ ఇటూ నడిచేవి. అమ్మ దాన్ని లేసు అనేది, ఆంటీ క్రోషే అనేది. చేసే పని ఒకటే.

పుస్తకంలో ఉన్నది: డబుల్ క్రోషే వేస్తూ వరుసకు 6 పెంచండి. డబుల్ క్రోషే నేను నేర్చుకున్నదేమో యూట్యూబ్‌లో, ఓ అమెరికా ఆవిడ దగ్గర. అసలు గోతి అక్కడుంది. బ్రిటన్‌లో డబుల్ క్రోషే అంటే పొట్టి కుట్టు. అమెరికాలో అదే పేరు పొడుగు కుట్టుది. బ్రిటన్‌వాళ్ళ ట్రెబుల్ అమెరికావాళ్ళకి డబుల్, బ్రిటన్‌వాళ్ళ డబుల్ అమెరికావాళ్ళకి సింగిల్. రెండు దేశాలూ ఒకే భాష మాట్లాడుతూ ఒకే కుట్టుకి వేర్వేరు పేర్లు పెట్టుకుని నూటయాభై ఏళ్ళు గడిపేశాయి. మధ్యలో దెబ్బ తిన్నది లాలాగూడలో నా మ్యాట్.

రెండు కుట్లకీ తేడా చెబితే తప్ప తర్వాతి కథ అర్థం కాదు. కొక్కెం సూది మీద ఎప్పుడూ ఒక ఉచ్చు ఉంటుంది. కింది వరుసలోని కుట్టులోకి సూది దూర్చి, దారం లాగితే రెండు ఉచ్చులవుతాయి. మళ్ళీ దారం చుట్టి ఆ రెంటిలోంచీ ఒకేసారి లాగేస్తే పొట్టి కుట్టు. దూర్చకముందే సూదికి ఓ చుట్టు దారం వేసుకుంటే మూడు ఉచ్చులవుతాయి. వాటిని రెండేసి చొప్పున రెండుసార్లు దాటిస్తే పొడుగు కుట్టు. పొట్టి కుట్టు ఎంత వెడల్పో దాదాపు అంతే ఎత్తు. పొడుగు కుట్టు ఎత్తు దాని వెడల్పుకు సుమారు రెండింతలు. వెడల్పు మాత్రం రెంటికీ ఒకటే. ఈ మూడు వాక్యాల్లోనే అంతా ఉంది.

గుండ్రటి మ్యాట్ మధ్యలోంచి బయటికి, వరుస మీద వరుసగా పెరుగుతుంది. ఒక్కో వరుస వేసినప్పుడల్లా వ్యాసార్థం ఒక కుట్టు ఎత్తు మేర పెరుగుతుంది. వ్యాసార్థం ఎంత పెరిగితే చుట్టుకొలత అంతకు 6.28 రెట్లు పెరగాలి. చిన్నప్పుడు బడిలో బట్టీ పట్టిన రెండు పై ఆర్ అంటే ఇదే. పొట్టి కుట్టైతే వ్యాసార్థం ఒక కుట్టు వెడల్పంత పెరిగింది కాబట్టి చుట్టూ 6.28 కుట్లు అదనంగా కావాలి. పావు కుట్టు వేయలేం కనుక 6. పొడుగు కుట్టైతే వ్యాసార్థం రెండు కుట్ల వెడల్పంత పెరుగుతుంది. 12.57 కావాలి, కనుక 12. పిన్ని పన్నెండు అదే.

ఇందులో నన్ను బాగా ఆశ్చర్యపరిచింది ఆ 6, 12 కాదు. అవి ఎప్పటికీ మారకపోవడం. అరచేతంత మ్యాట్‌కీ 12 పెంచాలి, గదంత తివాచీకీ వరుసకు 12 మాత్రమే పెంచాలి. పెద్దదయ్యేకొద్దీ ఎక్కువ పెంచాలేమోనని మనసు అంటుంది. అల్లిక నేర్చుకునేవాళ్ళలో చాలామంది నాలుగు వరుసలు బాగా అల్లి, అయిదో వరుసలో ఈ అనుమానంతోనే చెడగొడతారు. భూమధ్యరేఖ చుట్టూ తాడు బిగించి కట్టామనుకోండి. దాన్ని అన్ని వైపులా మీటరు ఎత్తుకి లేపడానికి ఎంత తాడు అదనంగా కావాలి? వేల కిలోమీటర్లు అక్కర్లేదు, 6.28 మీటర్లు చాలు. కుండ చుట్టూ కట్టిన తాడుకైనా అంతే.

ఆర్యభటుడు క్రీ.శ. 499లో రాసిన ఆర్యభటీయంలో 20,000 వ్యాసం ఉన్న వృత్తానికి చుట్టుకొలత 62,832 అని లెక్క చెప్పాడు. అంటే పై విలువ 3.1416. నాలుగు దశాంశాల వరకూ సరైనది. అంత కచ్చితంగా చెప్పి కూడా దాన్ని ఆసన్నం అన్నాడాయన. దగ్గరిదేగానీ అసలుది కాదని. 12.57కి బదులు 12తో సరిపెట్టుకునే మా పిన్నిది కూడా ఆసన్నమే. ఆ తగ్గిన అర కుట్టు ఎక్కడికి పోతుందో గంజి పెట్టేటప్పుడు చూద్దాం.

ఇప్పుడు నా పొట్లం. నేను పొడుగు కుట్లు వేశాను, పెంచింది మాత్రం ఆరే. కావాల్సిన చుట్టుకొలతలో సగం కంటే కాస్త తక్కువే ఇచ్చానన్నమాట. గుండ్రటి కాగితాన్ని సగానికి కోసి, ఆ అర్ధచంద్రం అంచులు కలిపి చుడితే ఏమొస్తుంది? అచ్చం పల్లీల పొట్లం. నా మ్యాట్ పొట్లమైపోవడం యాదృచ్ఛికం కాదు. అది అర్ధవృత్తమే, చుట్టి కుట్టేసిన అర్ధవృత్తం. బతుకమ్మ పేర్చేవాళ్ళు ఇదే లెక్కని కావాలని చేస్తారు. తాంబాళంలో అడుగు వరుస వెడల్పుగా పెట్టి, పై వరుసకొచ్చేకొద్దీ పూల చుట్టు తగ్గిస్తూ పోతే శిఖరం లేస్తుంది.

సికింద్రాబాద్‌లో మసీదుల దగ్గర అమ్మే తెల్లటి అల్లిక టోపీలు చూడండి. నెత్తి మీద ఆనే భాగం చదునైన వృత్తం, సరిగ్గా పెంచుతూ అల్లింది. తల చుట్టుకొలత వచ్చేసరికి పెంచడం ఆపేస్తారు. అక్కణ్ణుంచి వరుసలు పక్కకి పోకుండా కిందికి దిగి గోడ కడతాయి. మ్యాట్ అల్లేవాళ్ళు మర్చిపోయి చేసేదే టోపీ అల్లేవాళ్ళు తలచుకుని చేస్తారు.

మా నాన్నకి ఈ లెక్కలు చెబితే ఆయన ఎద్దుబండి దగ్గరికి పోయాడు. కమ్మరి బండి చక్రానికి వేసే ఇనుప పట్టా చక్రం చుట్టుకొలతకంటే కాస్త తక్కువే ఉంటుంది. దాన్ని ఎర్రగా కాల్చితే సాగుతుంది. ఆ వేడి మీద ఎక్కించి నీళ్ళు పోస్తే ముడుచుకుని చక్రాన్ని బిగించి పట్టుకుంటుంది. పాత రైలు చక్రాలకి ఉక్కు టైరు ఎక్కించిందీ ఈ పద్ధతిలోనే. పట్టా మరీ చిన్నదైతే? ఆకులు ఒక పక్కకి ఒరిగి చక్రం పళ్ళెంలా గుంట పడుతుంది. "నీ మ్యాట్‌కి పట్టా చిన్నదైంది, అంతే" అన్నాడు నాన్న. క్రోషే మీద నేను చదివిన పుస్తకాల్లో ఇంతకంటే మంచి వివరణ నాకు దొరకలేదు.

ఇక రెండో తప్పు, ఎక్కువ పెంచడం. చుట్టుకొలత మిగిలిపోతుంది, దానికి చోటు చాలదు, కుచ్చిళ్ళు కుచ్చిళ్ళుగా పైకీ కిందికీ అలలు తిరుగుతుంది. ఈ తప్పుని పట్టుకుని ఒకావిడ గణితంలో పేరు తెచ్చుకుంది. కుట్టు కుట్టుకీ ఒకటి చొప్పున పెంచితే ఏమవుతుందో చూడండి. మొదటి వరుసలో 6, రెండోదాంట్లో 12, మూడోదాంట్లో 24, ఇలా రెట్టిస్తూ పోతే పదో వరుసలో 3,072 కుట్లు. పొట్టి కుట్టు చదును మ్యాట్‌లో పదో వరుసకి ఉండేవి 60. బల్ల మీద 3,072 కుట్లు పట్టేంత చుట్టుకొలత ఎక్కడుంది? అందుకని అల్లిక ముడతలు పడి ఉండచుట్టుకుంటుంది.

సమతలం మీద ఒక గీతకి బయటున్న బిందువు గుండా ఒకే ఒక సమాంతర రేఖ గీయగలమని బడిలో చెబుతారు. 19వ శతాబ్దిలో బోల్యాయి, లొబచెవ్‌స్కీ అనే గణితజ్ఞులు విడివిడిగా ఇంకో జ్యామితి చూపించారు. అందులో అలాంటి రేఖలు లెక్కలేనన్ని గీయవచ్చు. దానికి హైపర్బోలిక్ జ్యామితి అని పేరు. ఈ తలాన్ని ఊహించడం కష్టం, చేత్తో పట్టుకోవడం ఇంకా కష్టం. 1970ల్లో విలియం థర్‌స్టన్ అనే గణితజ్ఞుడు కాగితం పట్టీలు అతికి నమూనా చేయడం చూపించాడు గానీ కాగితం చిరిగిపోతూ ఉండేది. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న లాట్వియా గణితజ్ఞురాలు డైనా టైమిన్యా దాన్ని క్రోషేలో అల్లింది. ఆమె సూత్రం చాలా సులువు. ఇన్ని కుట్లకి ఒకటి చొప్పున, నిష్పత్తి మార్చకుండా, ప్రతి వరుసలోనూ పెంచుతూ పో. ఎక్కడ ముట్టుకున్నా ఒకే వంపు ఉన్న తలం వచ్చేస్తుంది. దాన్ని మడిచి, మడత మీద కుట్టు వేసి, సమాంతర రేఖలు ఎలా విడిపోతాయో చూడమని విద్యార్థుల చేతికే ఇవ్వచ్చు. దీని మీద ఆమె రాసిన పుస్తకానికి 2009 సంవత్సరపు అతి విచిత్రమైన శీర్షిక బహుమతి వచ్చింది. నవ్వులాటకి ఇచ్చే బహుమతి అది. 2012లో అదే పుస్తకానికి అమెరికా గణిత సంఘం ఆయిలర్ బహుమతి ఇచ్చింది.

ఈ తలాన్ని మనం ఊళ్ళో చూడకుండా లేం. కోడిజుట్టు పువ్వు, సీతమ్మజడ అని కూడా అంటారే, దాని అంచు చూడండి. మధ్యభాగం కంటే అంచు త్వరత్వరగా పెరిగింది, చోటు చాలలేదు, అలలు పడింది. సముద్రంలో పగడాలు కూడా ఇదే పని చేస్తాయి. తక్కువ జాగాలో ఎక్కువ ఉపరితలం ఉంటే నీళ్ళలో తేలే తిండి ఎక్కువ అందుతుంది మరి. ఆస్ట్రేలియాలో పుట్టి లాస్ ఏంజెలెస్‌లో ఉంటున్న మార్గరెట్, క్రిస్టీన్ వర్థైమ్ అనే అక్కచెల్లెళ్ళు టైమిన్యా పద్ధతి పట్టుకుని 2005లో పగడపు దిబ్బని క్రోషేలో అల్లడం మొదలుపెట్టారు. ఎన్నో దేశాల ఆడవాళ్ళు అందులో చేతులు కలిపారు. 2019లో దాన్ని వెనిస్ బినాలే కళాప్రదర్శనలో పెట్టారు.

మళ్ళీ మన బల్ల మీదికి వద్దాం. లెక్క ప్రకారం 12 పెంచినా ఒక చిక్కు మిగులుతుంది. పెంచిన చోటు మీదే మళ్ళీ పెంచుతూ పోతే ఆ చోట్లు మూలలు తేలి, మ్యాట్ వృత్తం కాకుండా బహుభుజి అవుతుంది. పొట్టి కుట్టుతో ఆరు చోట్ల పెంచితే చక్కటి షడ్భుజి, తేనెపట్టు గదిలాగా. చదునుగానే ఉంటుంది, గుండ్రంగా మాత్రం ఉండదు. దీనికి మందు ఒకటే: వరుస వరుసకీ పెంచే చోటు కాస్త పక్కకి జరపడం. "ఎక్కడ పెంచినా సరేగానీ ఒకదాని నెత్తినొకటి పెట్టకు" అని పిన్ని తర్వాత చెప్పింది. ముందే చెప్పొచ్చుగా!

నరసాపురంలో ఈ విద్య ఎప్పణ్ణుంచి ఉందో చెప్పుకోవాలి. క్రోషే అంత పాతదేమీ కాదు. అచ్చులో కనిపించే తొలి క్రోషే నమూనాలు 1820ల్లో పెనెలోపే అనే డచ్ పత్రికలో వచ్చాయి. 1845లో ఐర్లండులో బంగాళాదుంప తెగులుతో కరువు వచ్చినప్పుడు కాన్వెంట్లలో నేర్చుకున్న క్రోషే ఎన్నో కుటుంబాలకి గంజినీళ్ళు పోసింది. గోదావరి డెల్టాకి దీన్ని తెచ్చింది 19వ శతాబ్దిలో వచ్చిన స్కాట్లండు మిషనరీలు. బడికి వచ్చే ఆడపిల్లలకి నేర్పారు. ఇంటి గడప దాటక్కర్లేని పని కనక, కులం మతం చూడకుండా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకింది. పువ్వులు అల్లేవాళ్ళు వేరు, వాటిని కలిపి అతికేవాళ్ళు వేరు, దారం తెచ్చిచ్చి సరుకు పట్టుకెళ్ళే ఏజెంట్లు వేరు. బల్లగుడ్డలు, దిండు గలీబులు, గుండ్రటి డాయిలీలు ఓడలెక్కి ఐరోపా చేరేవి.

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఇక్కడికొచ్చి ఈ ఆడవాళ్ళతో మాట్లాడింది. 1982లో ఆమె పుస్తకం ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్ వెలువడింది. ఆమె ఎత్తి చూపింది చిన్న విషయమే, కానీ మొత్తం వ్యాపారం దాని మీదే నిలబడి ఉంది. పొద్దస్తమానం అల్లే మనిషిని ఎవరూ కార్మికురాలిగా లెక్కవేయరు. ఇల్లాలు, ఖాళీగా ఉన్నప్పుడు ఏదో అల్లుకుంటోంది, అంటారు. ఖాళీ సమయానికి కూలి ఎందుకివ్వాలి? ప్రపంచ మార్కెట్‌కి సరుకు చేసే లక్షమందికి పైగా ఆడవాళ్ళు లెక్కల్లో ఎక్కడా కనపడకపోవడం వెనక ఉన్నది ఆ ఒక్క మాట. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. గుర్తింపు పేరుకొచ్చింది. కూలికి ఎంతవరకు వచ్చిందో పిన్నిని అడిగితే నవ్వి ఊరుకుంది.

మిషన్లు ఈ పని ఎందుకు లాక్కోలేదని అనుమానం రావచ్చు. లేసు, అల్లిక స్వెటర్లు, మేజోళ్ళు అన్నీ మిషన్ల పాలయ్యాయి కదా. స్వెటరు అల్లే మిషన్‌లో వరుసంతా సూదుల మీదే వేలాడుతుంది, ఒక్కో ఉచ్చుకీ ఒక్కో సూది. ఏ ఉచ్చు ఎక్కడుందో మిషన్‌కి ఎప్పుడూ తెలుసు. క్రోషేలో సూది మీద ప్రాణంతో ఉండేది ఒక్క ఉచ్చే. మిగతాదంతా అల్లేసిన మెత్తటి బట్ట. కొత్త కుట్టు కోసం సూది ఆ బట్టలోకి ఏదో ఒక చోట, ఏదో ఒక కోణంలో దూరాలి. ఒక్కోసారి రెండు వరుసల కిందికి కూడా. ఆ చోటు ఎక్కడుందో వేళ్ళు తడిమి కనుక్కుంటాయి. ఎడమచేతి చూపుడువేలు దారం బిగువు చూస్తుంది, నడిమివేలు బట్టని తోసి కన్నం తెరుస్తుంది. దీన్ని చేసే యంత్రాలు ప్రయోగశాలల్లో ఉన్నాయిగానీ బజారుకి సరుకు చేసే స్థాయికి రాలేదు. దుకాణంలో మిషన్ క్రోషే అని అమ్మేది క్రోషేలా కనిపించే వేరే రకం అల్లిక. అసలు క్రోషే ఎక్కడ కనపడినా, అమెరికా సూపర్ మార్కెట్‌లోనైనా సరే, అది మనిషి చేత్తో అల్లిందే.

ఒక ముచ్చట. మ్యాట్ ఎంత పెద్దదైనా అంతా ఒకే దారం. ఎక్కడా ముడి లేదు. చివరి ఉచ్చులోంచి దారం కొస లాగి బిగిస్తాం, అంతే. ఆ కొస వెనక్కి తీసి లాగితే మూడు రోజుల పని మూడు నిమిషాల్లో ఊడి దారం అవుతుంది. నా పొట్లాన్ని అలాగే విప్పేద్దామనుకున్నా, అక్క కొడుకు ఇవ్వలేదు.

దారం విషయానికొస్తే, క్రోషేకి వాడే నూలుకి ఆ మెరుపు పట్టు కలపడం వల్ల వచ్చింది కాదు. పత్తి పీచు సూక్ష్మదర్శినిలో చదునైన రిబ్బను మెలితిప్పినట్టు కనపడుతుంది. 1844లో లాంకషైర్‌కి చెందిన జాన్ మెర్సర్ కాస్టిక్ సోడాని నూలుగుడ్డలో వడకట్టబోతే గుడ్డ ఉబ్బి దళసరి అయింది. 1850లో పేటెంట్ తీసుకున్నాడు. బట్ట కుదించుకుపోతోందని ఎవరూ వాడలేదు. నలభై ఏళ్ళ తర్వాత, 1890లో, హోరేస్ లో అనే ఆయన దారాన్ని లాగి పట్టి ఉంచి సోడాలో ముంచి చూశాడు. కుదించుకుపోలేదు సరికదా, మెరుపొచ్చింది. ఉబ్బిన పీచు రిబ్బనులా కాకుండా గుండ్రటి కడ్డీలా అవుతుంది, వెలుగుని ఒకేవైపు తిప్పి పంపుతుంది. రంగు కూడా బాగా పడుతుంది. మెర్సరైజ్డ్ అని దారపు ఉండ మీద రాసి ఉండేది ఆ మెర్సర్ పేరే. దారం కొనేటప్పుడు నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుందని గుర్తుంచుకోండి. బల్ల మీద వేసే మ్యాట్‌కి 10, 20 నంబర్లు సరిపోతాయి. 40తో మొదలుపెడితే కళ్ళద్దాలు మార్పించుకోవాలి.

అల్లడం అయిపోయిందంటే సగం పనే అయినట్టు. సూది మీంచి దిగిన కొత్త మ్యాట్ ఎంత లెక్కగా అల్లినా కాస్త ముడుచుకునే ఉంటుంది. మనం ఎగ్గొట్టిన 0.57 కుట్టు ఇక్కడ బయటపడుతుంది. నా రెండో మ్యాట్‌కి 20 వరుసలు వేశాను, పొడుగు కుట్టు, వ్యాసార్థం 15 సెంటీమీటర్లు. చివరి వరుసలో 240 కుట్లు, ఒక్కోటి 3.75 మిల్లీమీటర్లు. మొత్తం 90 సెంటీమీటర్లు. వృత్తం అడిగేది 94. ఆ 4 సెంటీమీటర్లని బట్ట సాగి ఇవ్వాలి.

బట్టని సాగదీసి అలాగే ఉంచగలిగేది నీళ్ళు. పత్తి అంటే సెల్యులోజు, గ్లూకోజు ముక్కలు వరసగా అతికిన పొడుగాటి గొలుసులు. పక్కపక్క గొలుసులని హైడ్రోజన్ బంధాలు పట్టుకుని ఉంటాయి. తడిపితే నీటి అణువులు మధ్యలో దూరి ఆ పట్టు సడలిస్తాయి. అప్పుడు మ్యాట్‌ని దుప్పటి మీద పరిచి, అంచుల్ని లాగి గుండుసూదులు గుచ్చి ఆరనిస్తే, నీళ్ళు వెళ్ళిపోతూ గొలుసులు కొత్త చోట కొత్తగా చేతులు పట్టుకుంటాయి. చీర ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్ళు చల్లడంలో ఉన్నది కూడా ఇదే. అట్ట మీద వృత్తం గీసి దాన్ని పన్నెండు భాగాలు చేసుకుని, ముందు ఎదురెదురుగా సూదులు గుచ్చుతూ పోతే గుండ్రం తప్పదు. స్టీలు సూదులే వాడండి. మామూలు ఇనుప సూదులు రాత్రికి రాత్రి తుప్పు మరక వేస్తాయి, అది పోదు.

నీళ్ళు ఒక్కటే అయితే ఒకటి రెండు ఉతుకుల్లో మళ్ళీ ముడుచుకుంటుంది. అందుకే గంజి. అన్నం వార్చిన గంజిలో కరిగి ఉన్న పిండిపదార్థం కూడా గ్లూకోజు గొలుసే. అన్నంలోని గొలుసుకీ బట్టలోని గొలుసుకీ తేడా గ్లూకోజు ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకున్న తీరులోనే ఉంది. ఆ ఒక్క మెలికకి అన్నం మనకి అరుగుతుంది, నూలు అరగదు. ఇద్దరూ దాయాదులు కనక బాగా కలిసిపోతారు. గంజి పీచుల మధ్య పొరగా ఆరి, కుట్టు కుట్టునీ పక్క కుట్టుకి అంటించి నిలబెడుతుంది. పల్చటి గంజి రెండుసార్లు పెట్టడం మేలు, చిక్కటిది ఒకసారి పెడితే కన్నాల్లో తెట్టె కడుతుంది. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో చక్కెర పాకంలో ముంచమని ఉంటుంది. చలిదేశాల్లో సరేగానీ ఇక్కడ ఆ ప్రయోగం చేస్తే తెల్లారేసరికి మ్యాట్ చీమలదవుతుంది. వానాకాలంలో గంజి పెట్టిన లేసుని బీరువాలో మడిచి పెట్టకండి. గాల్లో తేమకి గంజి మెత్తబడుతుంది, బూజు పడుతుంది, పుస్తకాల పురుగులకి పండగ.

వేడి గిన్నె కిందికి ఇది పనికొస్తుందా అని అందరూ అడుగుతారు. వేడిని ఆపేది నూలు కాదు, కుట్ల మధ్య చిక్కుకున్న గాలి. అందమైన కన్నాలున్న లేసు మ్యాట్ గిన్నె బరువుకి నలిగి పల్చబడుతుంది, పాలిష్ బల్లని కాపాడలేదు. పొట్టి కుట్టుతో దట్టంగా, రెండు పొరలుగా అల్లిందైతే సాంబారు గిన్నెకి సరిపోతుంది. ఆక్రిలిక్ ఊలుతో మాత్రం వద్దు, పొయ్యి మీంచి దించిన మూకుడు పెడితే కరిగి బల్లకి అంటుకుంటుంది. ఏ మ్యాట్ అయినా తడిగా ఉన్నప్పుడు వేడి గిన్నె పెట్టకండి. నీళ్ళు గాలికంటే ఇరవై రెట్లకి పైగా వేడిని దాటిస్తాయి. తడిగుడ్డతో గిన్నె దించి చెయ్యి కాల్చుకున్నవాళ్ళకి ఈ లెక్క చెప్పక్కర్లేదు.

నా రెండో మ్యాట్ ఇప్పుడు బల్ల మీద చదునుగా పడుకుని ఉంది. దాని మీద నాన్న కంచం ఉంది. మొదటిది మేకుకి వేలాడుతోంది, అందులో పల్లీలు పోసుకుంటున్నాం.

నిమిషానికి పది కుట్లు నా వేగం. రెండో మ్యాట్‌కి పట్టింది నాలుగు గంటల పైనే, విప్పి మళ్ళీ అల్లినవి కలపకుండా. పిన్ని నాకు మూడు రెట్లు వేగం. ఆరుగురు కూచునే బల్లకి ఆరు మ్యాట్లు అల్లాలంటే ఆమెకైనా ఎనిమిది గంటలు దాటుతుంది. అంటే ఒక పూర్తి పనిదినం. ఏ ఎగ్జిబిషన్‌లోనైనా లేసు మ్యాట్ చేతిలోకి తీసుకుని బేరం మొదలుపెట్టబోతున్నారనుకోండి, ముందు చివరి వరుసలో కుట్లు లెక్కపెట్టండి. అందులో 240 ఉంటే మొత్తం మ్యాట్‌లో 2,520 ఉన్నట్టు.